విడుదల తేదీ లేని నిర్బంధం

భారత రాజ్యాంగంలోని 22వ అధికరణం మొదటి రెండు నిబంధనల్లో పౌరుడికి గట్టి హామీలే ఇస్తుంది. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలని, తనకు నచ్చిన న్యాయవాదితో మాట్లాడుకోనివ్వాలని, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని అది నిర్దేశిస్తుంది. అయితే ఆ వెంటనే వచ్చే మూడో నిబంధన, ఈ హామీలేవీ నివారక నిర్బంధ చట్టం కింద పట్టుబడినవారికి వర్తించవని చెబుతుంది. నివారక నిర్బంధం అంటే జరిగిన నేరానికి శిక్ష వేయడం కాదు; జరగవచ్చునని అధికారులు అనుమానించే పనిని ముందుగానే అడ్డుకోవడానికి, నేరారోపణ గానీ కోర్టు విచారణ గానీ లేకుండా మనిషిని జైల్లో ఉంచడం. దీనికి తోడుగా మరో దారి కూడా ఉంది. కేసు పెట్టి, రిమాండుకు పంపి, బెయిలు ఇవ్వకుండా, విచారణ మొదలుపెట్టకుండా ఏళ్లు గడిపేస్తే ఆ మనిషి విచారణ ఖైదీగానే మిగిలిపోతాడు. చట్టం దృష్టిలో ఈ రెండూ వేరువేరు ప్రక్రియలే అయినా, లోపల ఉన్నవారికీ బయట ఎదురుచూసేవారికీ ఒకే రకమైన నష్టం మిగులుస్తాయి. శిక్ష పడ్డ ఖైదీకి లెక్కపెట్టుకోవడానికి ఒక విడుదల తేదీ ఉంటుంది, వీరికి అది ఉండదు.

శాంతికాలంలో కూడా విచారణ లేని నిర్బంధాన్ని అనుమతించే నిబంధన ప్రాథమిక హక్కుల అధ్యాయంలోనే చోటుచేసుకోవడం రాజ్యాంగ పరిషత్తు సభ్యులలో కొందరిని అప్పుడే కలవరపెట్టింది. 1949 సెప్టెంబరులో డాక్టర్ అంబేద్కర్ ఆ ముసాయిదాను ప్రవేశపెట్టినప్పుడు బక్షీ టేక్ చంద్, మహావీర్ త్యాగి వంటివారు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెల రోజులకే, 1950 ఫిబ్రవరిలో, నివారక నిర్బంధ చట్టం పార్లమెంటు ముందుకు వచ్చింది. ఈ బిల్లు తెచ్చే ముందు నిద్రలేని రాత్రులు గడిపానని హోంమంత్రి సర్దార్ పటేల్ సభలో చెప్పుకున్నారు. ఏడాది పాటు మాత్రమే ఉంటుందన్న ఆ చట్టం పొడిగింపుల మీద పొడిగింపులతో 1969 చివరిదాకా బతికింది. ఆ తర్వాత 1971లో మీసాగా పిలిచే అంతర్గత భద్రతా నిర్వహణ చట్టం, 1980లో జాతీయ భద్రతా చట్టం వచ్చాయి. తాత్కాలికమన్న పేరుతో వచ్చిన ఇటువంటి అధికారాన్ని ఏ ప్రభుత్వమూ, ఏ పార్టీదైనా సరే, మనస్ఫూర్తిగా వదులుకోలేదన్నది ఈ చరిత్ర చూపే మొదటి విషయం.

ఈ అధికారం ఎంత దూరం పోగలదో ఎమర్జెన్సీ కాలం చూపింది. ఎమర్జెన్సీ నాటి చర్యలపై విచారణ జరిపిన షా కమిషన్ లెక్క ప్రకారం మీసా కింద 34,988 మందిని, దేశ రక్షణ నిబంధనల కింద 75,818 మందిని నిర్బంధించారు. నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ఎదుటికి తెచ్చి, ఏ అధికారంతో బంధించారో చెప్పమని అడిగే పిటిషన్‌ను హెబియస్ కార్పస్ అంటారు. ఎమర్జెన్సీలో ఆ పిటిషన్ వేసే హక్కు కూడా ఉండదని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1976 ఏప్రిల్ 28న 4-1 మెజారిటీతో తేల్చింది. విభేదించిన ఏకైక న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నాకు ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. ఆ తీర్పును సుప్రీంకోర్టు స్పష్టంగా తోసిపుచ్చింది 2017లో, అంటే 41 ఏళ్ల తర్వాత.

ఆ తీర్పు వెలువడి వారం తిరగకముందే, 1976 మే మొదట్లో, బెంగళూరులో స్నేహలతా రెడ్డిని అరెస్టు చేశారు. ఆంధ్ర ప్రాంతంలో పుట్టి, మద్రాసులో నాటకరంగంలో ఎదిగి, 1970లో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకున్న ‘సంస్కార’ కన్నడ చిత్రంలో చంద్రి పాత్ర ధరించిన నటి ఆమె. ఆ చిత్ర దర్శకుడు, ‘ఫిడేలు రాగాల డజన్’ కవి, నెల్లూరు వాడైన పఠాభి ఆమె భర్త. దంపతులిద్దరూ లోహియా సోషలిస్టు రాజకీయాలతో మమేకమైనవారు, జార్జి ఫెర్నాండెజ్‌కు స్నేహితులు. ఎమర్జెన్సీకి వ్యతిరేకంగా పేలుళ్లకు కుట్ర పన్నారంటూ ఫెర్నాండెజ్ తదితరులపై పెట్టిన బరోడా డైనమైట్ కేసులో పోలీసులు మొదట ఆమె పేరు కూడా చేర్చినా చివరికి దాఖలైన ఛార్జిషీటులో అది లేదు. కేసులో నిలబెట్టలేకపోయినా ఆమెను వదల్లేదు, మీసా కింద బెంగళూరు సెంట్రల్ జైల్లోనే ఉంచారు. అరెస్టుకు నాలుగు రోజుల ముందు వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు పుణ్యాన ఆమెను ఎందుకు ఉంచారని అడగగల కోర్టు దేశంలో ఒక్కటీ మిగల్లేదు.

స్నేహలతకు ఉబ్బసం ఉంది. జైలు గదిలో ఆ వ్యాధి ముదిరింది. వైద్యం అందీ అందకుండా సాగింది. అదే జైల్లో ఉన్న సోషలిస్టు నాయకుడు మధు దండావతే, రాత్రి నిశ్శబ్దంలో ఆమె కేకలు తనకు వినబడేవని తర్వాత రాశారు. ఆ స్థితిలో కూడా ఆమె తోటి మహిళా ఖైదీల తిండి గురించి, వారిపై పడే దెబ్బల గురించి జైలు అధికారులతో పోట్లాడింది, డైరీ రాసుకుంది. ఆ డైరీ ఆమె మరణానంతరం అచ్చయింది. దాదాపు ఎనిమిది నెలల నిర్బంధం తర్వాత, ఊపిరితిత్తులు పూర్తిగా దెబ్బతిన్నాక, 1977 జనవరి 15న పెరోల్ మీద విడిచిపెట్టారు. జనవరి 18న ఇందిరాగాంధీ ఎన్నికలు ప్రకటించారు. జనవరి 20న స్నేహలత కన్నుమూసింది. ఆమెపై ఏ కోర్టూ ఏ నేరాన్నీ నిర్ధారించలేదు, విచారించనూ లేదు. కాబట్టి నిర్దోషి అని చెప్పే తీర్పు కూడా ఆమెకు దక్కలేదు. విచారణ లేని నిర్బంధం మనిషి నుంచి తీసుకునేవాటిలో ఇదొకటి: తప్పు చేయలేదని రుజువు చేసుకునే వేదికనే అది లేకుండా చేస్తుంది.

ఎమర్జెన్సీ తర్వాత వచ్చిన జనతా ప్రభుత్వంలో జైలుకు వెళ్లి వచ్చినవారు చాలామంది ఉన్నారు. 1978లో ఆమోదం పొందిన 44వ రాజ్యాంగ సవరణలో, సలహా మండలి అభిప్రాయం లేకుండా నిర్బంధించగల గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించే సెక్షన్‌ను చేర్చారు. సలహా మండలి అంటే నిర్బంధ ఉత్తర్వుకు తగిన కారణం ఉందో లేదో పరిశీలించే సంఘం. దాని ఎదుట న్యాయవాదిని పెట్టుకునే హక్కు డెటెన్యూకు, అంటే నిర్బంధితుడికి, లేదు. పదవిలో ఉన్న హైకోర్టు న్యాయమూర్తే మండలి ఛైర్మన్‌గా ఉండాలని కూడా ఆ సెక్షన్ చెప్పింది. పార్లమెంటు ఆమోదించినా, రాష్ట్రపతి సంతకం చేసినా, దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్‌ను మాత్రం ఇన్ని దశాబ్దాల్లో ఏ ప్రభుత్వమూ జారీ చేయలేదు.

తెలుగు నేల మీద నివారక నిర్బంధం నేటికీ నిత్య వ్యవహారమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన చట్టాన్ని జనం పీడీ యాక్ట్ అని పిలుస్తారు. సారా వ్యాపారులు, గూండాలు, భూకబ్జాదారుల వంటివారి కోసమని తెచ్చిన ఈ చట్టం కింద ఒక మనిషిని 12 నెలల దాకా విచారణ లేకుండా ఉంచవచ్చు. అమలులో అది ఎక్కువగా బెయిలుకు విరుగుడుగా పనిచేస్తోంది. దొంగతనం కేసులోనో మోసం కేసులోనో నిందితుడికి కోర్టు బెయిలు ఇస్తుంది, ఆ బెయిలును రద్దు చేయమని అడగడానికి బదులు పోలీసులు పీడీ యాక్ట్ ప్రయోగిస్తారు, విడుదల కావలసిన మనిషి మళ్లీ లోపలికే వెళతాడు. 2021లోనూ 2023 సెప్టెంబరు 4నా తెలంగాణ నుంచి వచ్చిన కేసుల్లో సుప్రీంకోర్టు ఇటువంటి ఉత్తర్వులను కొట్టివేసింది. శాంతిభద్రతల సమస్యకూ, ఊరి జనజీవనమంతటినీ అతలాకుతలం చేసే పబ్లిక్ ఆర్డర్ సమస్యకూ తేడా ఉందని, మామూలు నేరాలకు మామూలు చట్టాలు సరిపోతాయని వివరించింది. రెండో తీర్పులోనైతే ఈ చట్టాన్ని ఎడాపెడా వాడే ధోరణి రాష్ట్రంలో ప్రబలిందని నేరుగానే తప్పుపట్టింది. 2024 మార్చిలో మరో తెలంగాణ కేసులో, సలహా మండళ్లు ముద్ర వేసే యంత్రాలుగా మిగిలిపోకూడదని హెచ్చరించింది.

2021, 2023 కేసుల్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పిటిషనర్లు నిర్బంధితుల భార్యలు. భర్త జైల్లో ఉండగా న్యాయవాదిని వెతుక్కోవడం, ఫీజు సమకూర్చడం, ఉత్తర్వు ప్రతులు సంపాదించడం, హైకోర్టులో ఓడిపోతే ఢిల్లీకి అప్పీలు పంపడం అన్నీ ఆ ఇంటి ఆడవారి మీదే పడతాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగినవారు కొద్దిమంది. మిగిలినవారిలో చాలామందికి పిటిషన్ విచారణకు వచ్చేలోపే 12 నెలలు పూర్తయిపోతాయి. అప్పుడిక తేల్చడానికి ఏమీ మిగలదు కాబట్టి ఆ నిర్బంధం సరైనదో కాదో ఎప్పటికీ తేలదు.

ఇక రిమాండు దారి సంగతి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు, విచారణ ఖైదీలు. ఐదేళ్లు దాటినా తీర్పు రానివారు 11 వేలకు పైగా ఉన్నారు. మామూలు చట్టం ప్రకారం నేర తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా దక్కుతుంది. ఉపాగా పిలిచే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం కింద ఆ గడువును 180 రోజులకు పొడిగించుకోవచ్చు. ఛార్జిషీటు వేయడంతో విచారణ మొదలైనట్టు కాదు. పోలీసులు చెప్పినదాంట్లో విచారించదగినది ఉందో లేదో చూసి కోర్టు అభియోగాలు ఖరారు చేయాలి, ఆ తర్వాతే సాక్షుల విచారణ. ఉపా కేసుల్లో ఆరోపణలు పైకి నిజమనిపిస్తే బెయిలు ఇవ్వకూడదన్న నిబంధన 2008 నుంచి ఉంది. ప్రతివాదనకు అవకాశం రాకముందు కాగితాల మీద ఆరోపణలు ఎప్పుడూ నిజంలాగే కనిపిస్తాయి కాబట్టి, ఛార్జిషీటుకూ అభియోగాల ఖరారుకూ మధ్య సాగే ఏళ్లన్నీ జైల్లోనే గడుస్తాయి.

బుర్కాపాల్ కేసు ఇందుకు ఉదాహరణ. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, అంటే భద్రాచలం అడవులకు ఆనుకుని ఉన్న ప్రాంతం, 2017 ఏప్రిల్ 24న మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లను పోగొట్టుకుంది. ఆ ప్రాణాలకు బాధ్యులెవరో తేలడం దేశానికీ, ఆ జవాన్ల కుటుంబాలకూ అవసరం. కానీ పోలీసులు చుట్టుపక్కల గ్రామాల నుంచి వందమందికి పైగా ఆదివాసులను తెచ్చి ఉపా తదితర చట్టాల కింద జైల్లో పెట్టారు. బెయిలు రాలేదు. విచారణ మొదలవడానికే నాలుగేళ్లు పట్టింది. 2022 జూలైలో దంతెవాడలోని ఎన్ఐఏ కోర్టు 121 మందినీ నిర్దోషులుగా వదిలిపెట్టింది. మరో నిందితుడు అప్పటికే కస్టడీలో చనిపోయాడు. ఐదేళ్ల పాటు ఆ ఇళ్లలో దుక్కి దున్నే మనిషి లేడు, ఇప్ప పువ్వు ఏరే కాలంలోనూ తునికాకు కోసే కాలంలోనూ చేయి తక్కువైంది. అంతమందిని లోపల ఉంచినా దాడి చేసిన వారెవరన్నది ఆ కేసులో తేలలేదు కాబట్టి చనిపోయిన జవాన్ల కుటుంబాలకు కూడా ఆ ఐదేళ్ల నుంచి దక్కింది ఏమీ లేదు. నిర్బంధాన్ని భద్రత పేరుతో సమర్థించేవారు ఈ రెండో నష్టాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు.

బెయిలు వచ్చినా బయటికి రాలేనివారు మరో వర్గం. పూచీకత్తుకు సాధారణంగా ఆస్తి ఉన్నవారు ఇద్దరు కావాలి. కూలి చేసుకునేవారికి అటువంటి ష్యూరిటీలు దొరకడం కష్టం. బెయిలు మంజూరైనా జైళ్లలోనే ఉండిపోయినవారు సుమారు 5,000 మంది ఉన్నట్టు జాతీయ న్యాయ సేవల సంస్థ 2023 జనవరిలో సుప్రీంకోర్టుకు చెప్పింది. అంతకు రెండు నెలల ముందు, 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము న్యాయమూర్తుల ఎదుటే ఈ పేద ఖైదీల ప్రస్తావన తెచ్చారు. ఇంట్లో ఉన్న కాస్త సామాను అమ్ముకోవలసి వస్తుందన్న భయంతో సొంతవారే విడిపించడానికి వెనకాడే పరిస్థితి ఉందని ఆమె అన్నారు.

ఆ భయానికి ఆధారం ములాఖత్ నాడు కళ్లెదుటే కనబడుతుంది. చర్లపల్లి, చంచల్‌గూడ, రాజమహేంద్రవరం వంటి జైళ్ల ముందు ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని వరుసలో నిలబడేవారిలో ఎక్కువమంది తల్లులు, భార్యలు. ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అవుతాయి, లోపల క్యాంటీన్ ఖర్చుకు ఎంతో కొంత జమ చేయాలి. ఇంత చేసి వెళితే దక్కేది అద్దానికో జాలీకో అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి ఫోనులో మాట్లాడే కొద్ది నిమిషాలు. వాయిదా రోజున కోర్టులోనైనా చూడవచ్చని వెళితే, ఎస్కార్టు లేదని ఖైదీని తీసుకురాకపోవడమో, వీడియోలో హాజరుపరిచి రిమాండు పొడిగించడమో జరుగుతుంది. మళ్లీ వాయిదా. శిక్ష పడిన ఖైదీకి పెరోల్ ఉంటుంది, సత్ప్రవర్తనకు శిక్షలో తగ్గింపు ఉంటుంది, పనికి కూలి ఉంటుంది. నేరం రుజువు కాని విచారణ ఖైదీకి వీటిలో చాలావరకు అందవు. ఓటు విషయంలోనూ ఇంతే: 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం జైల్లో ఉన్నవారికి ఓటు లేదంటుంది, నివారక నిర్బంధంలో ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఇస్తుంది. ఎన్నికల్లో పోటీ చేయడానికి అర్హుడైన విచారణ ఖైదీ తన ఓటు తాను వేసుకోలేడు.

పిల్లల పరిస్థితి మరీ దయనీయం. తల్లి జైలుకు వెళితే ఆరేళ్లలోపు బిడ్డ ఆమె వెంట ఉండవచ్చు. ఆ పిల్లలకు తిండి, చదువు, ఆరోగ్యం ఎలా అందించాలో 2006లో ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. బిడ్డలతో జైళ్లలో ఉన్న తల్లుల్లో అత్యధికులు విచారణ ఖైదీలే. ఆరేళ్లు నిండాక తల్లి కేసు తేలకపోయినా బిడ్డ మాత్రం బయటికి వెళ్లాలి. బంధువులు లేకపోతే హాస్టలుకో అనాథ గృహానికో చేరాలి.

శరీరం మీద పడే భారం వృద్ధుల్లో ఎక్కువ. ఉపా కింద పెట్టిన భీమా కోరేగావ్ కేసులో 2020 అక్టోబరు 8న అరెస్టయిన ఫాదర్ స్టాన్ స్వామికి అప్పటికే పార్కిన్సన్స్ వ్యాధి ఉంది. చేతులు వణికి గ్లాసు పట్టుకోలేకపోయేవారు. తాగడానికి మూతకు గొట్టం ఉన్న సిప్పర్, స్ట్రా ఇప్పించమని ఆయన కోర్టును అడిగారు. బదులివ్వడానికి దర్యాప్తు సంస్థ 20 రోజుల గడువు కోరింది. అభియోగాలు ఖరారు కాలేదు, బెయిలు దరఖాస్తు హైకోర్టులో తేలలేదు, 2021 జూలై 5న 84 ఏళ్ల వయసులో ఆయన కస్టడీలో ఉండగానే ముంబై ఆసుపత్రిలో మరణించారు. అదే కేసులో 2018లో అరెస్టయిన కవి వరవరరావుకు 79 ఏళ్ల వయసులో తలోజా జైల్లో కరోనా సోకింది. 2021 ఫిబ్రవరిలో ఆరోగ్య కారణాలతో తాత్కాలిక బెయిలు, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు నుంచి శాశ్వత వైద్య బెయిలు వచ్చినా విచారణ మాత్రం అప్పటికి మొదలు కాలేదు.

మనసు మీద పడే భారాన్ని కొలవడం కష్టం. ముగింపు తెలియని నిరీక్షణ నిద్రను, జ్ఞాపకశక్తిని, మాటను దెబ్బతీస్తుందని, దిగులును శాశ్వత స్థితిగా మారుస్తుందని వైద్యులు చెబుతారు. అది ఎంత దూరం పోగలదో అస్సాంలోని మోరిగావ్ జిల్లా సిల్సాంగ్ గ్రామానికి చెందిన మచాంగ్ లాలుంగ్ జీవితం చూపింది. 1951లో, 23 ఏళ్ల వయసులో, ఎవరినో గాయపరిచాడన్న ఆరోపణపై అరెస్టయిన ఈ తివా ఆదివాసిని తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి పంపారు. 1967లో ఆరోగ్యంగా ఉన్నాడని వైద్యులు ధ్రువీకరించినా ఇంటికి పంపలేదు, గౌహతి జైలుకు మార్చారు. విచారణ ఎప్పుడూ జరగలేదు. 2005 జూలైలో, 54 ఏళ్ల తర్వాత, ఒక్క రూపాయి సొంత పూచీకత్తుపై బయటికి వచ్చేసరికి ఆయన తన మాతృభాషను మరిచిపోయాడు. సుప్రీంకోర్టు మూడు లక్షల రూపాయల పరిహారం, నెలకు వెయ్యి రూపాయల భత్యం ఇప్పించింది. 2007లో ఆయన చనిపోయాడు.

పరిహారమన్న మాట మన చట్టంలో ఇప్పటికీ ఇలా విడివిడి కేసుల దయ మీదే ఆధారపడి ఉంది. 1968లో నిర్దోషిగా తేలినా 1982 దాకా బీహార్ జైల్లోనే ఉండిపోయిన రుదుల్ షాకు 1983లో సుప్రీంకోర్టు 35,000 రూపాయలు ఇప్పించడంతో ఈ సంప్రదాయం మొదలైంది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 1979లో చేరినప్పుడు భారత ప్రభుత్వం, అక్రమ నిర్బంధానికి రాజ్యం నుంచి పరిహారం పొందే హక్కు ఇక్కడ లేదని రాతపూర్వకంగా ప్రకటించింది. హైదరాబాద్ అనుభవం కూడా ఇదే చెప్పింది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పట్టుకెళ్లిన ముస్లిం యువకులు తర్వాత నిర్దోషులుగా తేలారు. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మేరకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి పరిహారం మంజూరు చేసి, కొందరికి మూడు లక్షలు, మిగిలినవారికి 20 వేల రూపాయల చొప్పున ఇచ్చింది. వాటితోపాటు వారిపై నేరమేదీ లేదని చెప్పే సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. ఉద్యోగానికి వెళ్లినా, ఇల్లు అద్దెకు అడిగినా, పెళ్లి సంబంధం చూసినా ముందు వచ్చే ప్రశ్న ఆ అరెస్టే కాబట్టి, డబ్బు కంటే ఆ కాగితమే కొందరికి ఎక్కువ అవసరమైంది. నిర్దోషిగా విడుదలవడం ఒక్కటే పరిహారానికి కారణం కాజాలదంటూ 2013లో హైకోర్టు ఆ పరిహార ఉత్తర్వులను రద్దు చేసింది.

తప్పుడు కేసుల్లో నలిగినవారికి పరిహారాన్ని చట్టబద్ధమైన హక్కుగా చేయాలని, అందుకు ప్రత్యేక కోర్టులు ఉండాలని, డబ్బుతోపాటు మానసిక చికిత్స, వృత్తి శిక్షణ కూడా ఇవ్వాలని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఆ సిఫారసు చేరలేదు. తగిన కారణం లేకుండా ఒకరిని అరెస్టు చేయిస్తే బాధితుడికి ఇప్పించదగిన మొత్తం, పాత చట్టంలో ఉన్నట్టే, వెయ్యి రూపాయలకు మించదని దాని 399వ సెక్షన్ చెబుతుంది. అది కూడా ప్రభుత్వం ఇచ్చేది కాదు, అరెస్టు చేయించిన వ్యక్తి నుంచి వసూలు చేయవలసినది.